ఆమ్లకాయం

చిత్కళ ఒంటి కట్లు మార్చే పని నీలవేణి ఇంకెవరికీ అప్పగించేది కాదు. పొద్దున్నే వంటింట్లో ఉప్పునీళ్లు కాచి చల్లార్చి, గది తలుపు దగ్గరగా వేసి చెల్లెలి పక్కన కూర్చునేది. పాత గుడ్డ పుండుకు అతుక్కుపోయి ఉండేది. దాన్ని లాగకూడదు. నీళ్లతో తడిపి, మళ్లీ తడిపి, దానంతట అది వదిలేదాకా ఆగాలి. ఎంత ఓపిగ్గా చేసినా ఎక్కడో ఒకచోట గుడ్డతో పాటు కాస్త చర్మం కూడా వచ్చేసేది. అప్పుడు చిత్కళ పళ్లు బిగించి కిటికీ వైపు చూసేది. ఆ వెంటనే ఏదో ఒక కబురు మొదలుపెట్టేది, అక్క చెయ్యి వణక్కుండా.

చర్మాన్ని ఒంటికి పట్టి ఉంచే జిగురు లేకుండా పుట్టింది ఆ పిల్ల. దుప్పటి రాసుకుంటే బొబ్బ లేచేది. చెప్పు తొడిగితే పుండయ్యేది. చిన్నప్పుడు ఎవరింటి పెళ్లిలోనో ఒక పెద్దావిడ ముద్దొచ్చి బుగ్గ గిల్లితే, ఆ బుగ్గ మానడానికి నెలలు పట్టింది. తల్లీ తండ్రీ ఉన్నన్నాళ్లు వాళ్లు చూసుకున్నారు. చిత్కళ పసితనంలోనే వాళ్లు పోయాక, వయసులో చాలా పెద్దదైన నీలవేణి చూసుకుంది. భీమిలి దారిలో ఉన్న ఒక చిన్న పరిశోధనశాలలో సూక్ష్మజీవుల మీద పనిచేసేది ఆమె. పెళ్లి ఊసెత్తిన వాళ్లకి "టైమ్ లేదండీ" అని చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

బయటికి పోలేని చిత్కళ ఇంట్లోనే ఒక లోకం కట్టుకుంది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని తామేం చేస్తారో చెబుతారు, అనుకున్నది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆమె కట్టిన లోకం ఒక దీవి. దాని నిండా పాడుబడ్డ గనులు, గనుల్లో కాపలా భూతాలు. ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరు స్నేహితులు వచ్చేవారు. ఓడలు కట్టేచోట నక్షాలు గీసే ప్రభుదాస్ కథ నడిపేవాడు. ప్రింటింగ్ షాపు నడుపుకునే మెహర్ దొంగ వేషం కట్టేది. చిత్కళది కాటుక అనే మంత్రగత్తె పాత్ర. కాటుక ఉత్త కాళ్లతో రాళ్ల మీద పరిగెత్తేది. గోడలు దూకేది. గెలిచిన ప్రతిసారీ ఎదురుపడ్డ వాళ్లనల్లా కౌగిలించుకునేది.

ఒక ఆదివారం చిత్కళ కొత్త మంత్రం రాసి తెచ్చింది. దాని పేరు ఆమ్లకాయం. అందరికీ వినపడేలా చదివింది.

"ఈ మంత్రం పఠించినవాళ్ల ఒళ్లంతా ఆమ్లమైపోతుంది. కత్తి తగిలితే కత్తి కరుగుతుంది. సంకెల తగిలితే సంకెల కరుగుతుంది. స్నేహితుడు తగిలితే స్నేహితుడూ కరుగుతాడు. మూడు చుట్ల ఆట పూర్తయ్యాక మామూలు ఒళ్లు తిరిగొస్తుంది."

"బానే ఉంది గానీ," అన్నాడు ప్రభుదాస్, "ముందు ఆ ఆమ్లంలో కాటుకే కరిగిపోవాలి కదా. ఎందుకు కరగదు?"

"మంత్రం కాబట్టి."

"అలా కుదరదమ్మా. కారణం చెబితేనే ఒప్పుకుంటాను."

చిత్కళ గుమ్మం వైపు చూసింది. నీలవేణి టీ గ్లాసుతో అక్కడే నిలబడి ఉంది. "అక్కా, నువ్వు చెప్పు వీడికి."

నీలవేణి ఆలోచించకుండానే జవాబిచ్చింది. "మన పొట్టలో ఉన్నది ఆమ్లమేగా. పొట్ట కరుగుతోందా? లోపలివైపు జిగట పొర ఒకటి ఉంటుంది. అది ఎప్పటికప్పుడు కొత్తగా ఊరుతూ ఉంటుంది. కాటుకకి ఆ పొర ఒంటి మీద ఊరుతుందనుకో, సరిపోతుంది."

"ఒప్పుకున్నాను," అన్నాడు ప్రభుదాస్.

ఆట సాగింది. నీలవేణి మాత్రం టీ తాగడం మర్చిపోయింది. ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ కూడా తన నోటి వెంట వచ్చిన మాట గురించే ఆలోచించింది. బయటివైపు ఆమ్లం, లోపలివైపు జిగట. బయటివైపు క్రిములు చస్తాయి, లోపలివైపు పుండు చల్లగా ఉంటుంది. అలాంటి రెండు ముఖాల పొరను అల్లగల సూక్ష్మజీవి ఉంటే?

అది దొరకడానికి రెండేళ్లు పట్టింది. దొరకడం అంటే ఆమె దాన్ని తయారుచేసింది. ఉప్పు మడుల్లో బతికే ఒక జీవినీ పొట్టలో బతికే మరో జీవినీ కలిపి, వాటి లక్షణాలు మార్చి, కసాయి దుకాణం నుంచి తెచ్చిన మేక చర్మం మీద పెంచింది. గాజు పళ్లెంలో ఆకుపచ్చగా మెరుస్తూ పల్చటి పొర కట్టింది. దాని మీద ఆసుపత్రి నుంచి తెచ్చిన చీము చుక్క వేస్తే బుస్సుమని కరిగిపోయింది. ఇనప సూది పెడితే సూది నల్లబడి తెగిపోయింది. పొర ఎత్తి చూస్తే కింద మేక చర్మం అప్పుడే కోసినంత తాజాగా ఉంది. రోజూ పొద్దున కాస్త చక్కెర నీళ్లు చల్లితే చాలు, ఆ పొర బతికేది.

మనిషి మీద వెయ్యడానికి ఇంకా చాలా పరీక్షలు ఉన్నాయి. ఈలోగా చిత్కళ వీపు మీది పుండు విషమించింది. ఏ మందుకీ లొంగని క్రిమి ఒకటి అందులో చేరింది. జ్వరం దిగడం లేదు. ఆసుపత్రి పెద్ద డాక్టరు నీలవేణిని బయటికి పిలిచి, మా చేతుల్లో ఇంకేమీ లేదన్నాడు. పొర గురించి తనకి తెలుసనీ, ఇలాంటి ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీతో తానే రాయించుకొస్తాననీ అన్నాడు.

నీలవేణి చెల్లెలి మంచం పక్కన కూర్చుని దాచకుండా అంతా చెప్పింది. క్రిమి ఇంకో పుండులోకి పాకకుండా ముఖం తప్ప ఒళ్లంతా పొర వెయ్యాలి. వేస్తే క్రిమి చస్తుంది. కానీ దాన్ని మళ్లీ తియ్యడం ఎలాగో ఇంకా తెలియదు.

"ముట్టుకుంటే?" అంది చిత్కళ.

"నిన్ను ఎవరూ ముట్టుకోకూడదు. నేను కూడా."

జ్వరంతో ఎండిన పెదాలతోనే చిత్కళ నవ్వింది. "పఠించెయ్ అక్కా మంత్రం."

పొర వేసిన వారానికే జ్వరం దిగిపోయింది. నెల తిరిగేసరికి చిత్కళ లేచి నడిచింది. మెడ నుంచి అరికాళ్ల దాకా లేత చింతాకు రంగులో తళతళలాడే ఒళ్లు. పుట్టాక మొదటిసారి ఆమెకు ఎక్కడా నొప్పి లేదు. నొప్పి లేకపోవడం అంటే ఏంటో తెలియక మొదట్లో భయపడింది. "అక్కా, ఏదో ఆగిపోయినట్టుంది," అనేది.

ఇల్లంతా మార్చాల్సి వచ్చింది. కుర్చీ గాజుది, మంచం మీద మందపాటి ప్లాస్టిక్ పరుపు. ఆమ్లానికి కరగని ప్లాస్టిక్‌తో కుట్టించిన పొడుగాటి అంగీ ఒకటి. తినడానికి గాజు చెంచా. చిత్కళ మర్చిపోయి తలుపు గొళ్లెం పట్టుకుంటే వేళ్ల అచ్చులు దిగబడ్డాయి. ఆ అచ్చుల్ని చూసి మెహర్ "దొంగతనానికి పనికొస్తావే" అని నవ్వింది. చిత్కళా నవ్వింది.

ఒక పొద్దున నలుగురూ యారాడ తీరానికి వెళ్లారు. ఎండలో, గాలిలో, ఉత్త కాళ్లతో ఇసుక మీద చిత్కళ నడిచింది. ఇసుకకేమీ కాలేదు. కానీ ఆమె అడుగు పడ్డచోటల్లా గవ్వలూ ఆల్చిప్పలూ బుస్సుమని నురగ కక్కాయి. ఆమె వెనక తెల్లటి నురగల బాట ఏర్పడింది. ఆమె తిరిగి చూసి, పడీపడీ నవ్వి, ఇంకో గుప్పెడు గవ్వలు ఏరి అరచేతిలో కరిగించింది. ప్రభుదాస్ ఆమెకు కాస్త దూరంలో, సరిగ్గా ఆమె అడుగులు పడుతున్న వరసలోనే నడుస్తూ వచ్చాడు. అతను ఆమెను చూసే చూపు నీలవేణి ఆరోజు మొదటిసారి గమనించింది. ఎన్నాళ్లుగానో ఉన్న చూపే అది.

ఇంట్లో మాత్రం నీలవేణికి పొద్దుట పూట తోచేది కాదు. అలవాటు కొద్దీ ఉప్పునీళ్లు కాచేది. చల్లారాక గుర్తొచ్చి సింకులో పారబోసేది. ఇరవై ఏళ్ల పైచిలుకు చెల్లెలి ఒంటి మీద ఆమె చెయ్యి పడని రోజు లేదు. అది నొప్పి పెట్టే చెయ్యే. ఇప్పుడు ఆ గంటసేపూ చిత్కళ గాజు కుర్చీలో కూర్చుని ఒంటికి తానే చక్కెర నీళ్లు చల్లుకునేది. నీలవేణి గుమ్మంలో నిలబడి చూసేది.

"కబుర్లు చెప్పవేంటే?" అని ఓ రోజు అడిగింది.

"నువ్వు అక్కడుంటే కబుర్లు రావట్లేదక్కా," అంది చిత్కళ. "అలవాటు తప్పింది."

పొరతో నొప్పి పోయినట్టే స్పర్శ కూడా మందగించింది. కాలి కింద మెట్టుందో లేదో చిత్కళకు సరిగ్గా తెలిసేది కాదు, చూసి అడుగెయ్యాలి. వానాకాలంలో ఒక ఆదివారం, ఆట అయిపోయాక అందరూ సముద్రం దాకా వెళ్దామని బయల్దేరారు. లిఫ్ట్ పనిచేయడం లేదు. మెట్ల మీద తడి ఉంది. ముందు ప్రభుదాస్, వెనక చిత్కళ, ఆ వెనక మెహర్, చివర తాళం వేస్తూ నీలవేణి.

చిత్కళ కాలు జారింది. ముందుకు పడిపోతూ ఉంది. కింద మలుపులో ఇనప ఊచల గేటు. ప్రభుదాస్ వెనక్కి తిరిగి రెండు చేతులతో ఆమె చేతుల్ని పట్టేసుకున్నాడు.

"వదులు దాసూ, వదిలెయ్," అని అరిచింది చిత్కళ.

అతను వదల్లేదు. ఆమెను నెమ్మదిగా మెట్టు మీద కూర్చోబెట్టి, తల గోడకు కొట్టుకోదని చూసుకుని, అప్పుడు వదిలాడు. మెహర్ పక్కింటివాళ్ల బకెట్ లాక్కొచ్చి అతని చేతుల మీద నీళ్లు గుమ్మరించింది. నీలవేణి ఇంట్లోంచి ఆమ్లాన్ని విరిచే సోడా పొడి తెచ్చి పోసింది. మెట్ల మీద నీళ్లు ఎర్రగా పారాయి. చిత్కళ తన చేతుల్ని ఒంటికి దూరంగా చాచి పట్టుకుని, ఎవరి మీదా పడకుండా గోడలోకి ఒదిగి కూర్చుంది.

ప్రభుదాస్ చేతులు దక్కాయి. కుడి చేతి వేళ్లు మూడు మాత్రం మళ్లీ వంగలేదు. నక్షాలు గీసే పని పోయింది. కట్లతోనే ఓ ఆదివారం వచ్చి బల్ల దగ్గర కూర్చుని, "పాచికలు మెహర్ వేస్తుంది, నేను కథ చెప్తా," అన్నాడు. చిత్కళ గదిలోంచి రాలేదు. తలుపు అవతల నుంచే, "వద్దు దాసూ, వెళ్లిపో," అంది. అతను తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాడు. చీకటి పడేదాకా ఉండి, "వచ్చే వారం వస్తానే," అని చెప్పి వెళ్లాడు.

ఆ తర్వాత చిత్కళ ఒక సాయంత్రం అక్కను పిలిచింది.

"దీన్ని తీసెయ్యొచ్చా అక్కా?"

నీలవేణికి ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. పరిశోధనశాలలో అప్పటికే చూసింది. "తీస్తే కింద చర్మం లేదే. పొర ఉంది కదా అని ఒళ్లు చర్మం కట్టడం మానేసింది."

"గాజు పళ్లేల్లో పెంచిన చర్మం అతికిస్తారటగా."

"చిన్న చిన్న చోట్ల అతికిస్తారు. ఒళ్లంతా అతికించి నిలబెట్టిన వాళ్లు లేరు."

"ప్రయత్నించిన వాళ్లు?"

"ఉన్నారు," అంది నీలవేణి. చిత్కళ తలూపింది.

"నీకిప్పుడు నొప్పి లేదు," అంది నీలవేణి. "జ్వరం లేదు. ఇలా ముసలిదానివయ్యేదాకా బతుకుతావు. ఇంకేం కావాలే నీకు?"

"నేను రాసిన మంత్రానికి మూడు చుట్ల గడువు పెట్టానక్కా. ఎందుకు పెట్టానో చెప్పనా? ఆ గడువయ్యాక మెహర్ వచ్చి కాటుక చెయ్యి పట్టుకుని లేపుతుంది. ఆ పట్టుకోవడం లేకపోతే ఆ మంత్రం నేను రాసేదాన్నే కాదు. దాసు చేతులు చూశావుగా. ఇంకోసారి పడితే ఇంకోసారి పట్టుకుంటాడు వాడు. నువ్వూ పట్టుకుంటావు. నేను అలా భయపడుతూ ఉండలేను."

"మరి నేను? నువ్వు పోతే నేనేం చెయ్యాలి? దాని గురించి ఆలోచించావా?"

"ఇన్నాళ్లూ అదొక్కటే ఆలోచించానక్కా," అంది చిత్కళ.

నీలవేణి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రీ మర్నాడూ చెల్లెలితో మాట్లాడలేదు. మూడో రోజు ఆసుపత్రి పెద్ద డాక్టరుకు తానే ఫోన్ చేసింది.

చర్మం పెంచడానికి కొన్ని నెలలు పట్టింది. బుగ్గ మీంచి చిన్న ముక్క తీసి, అందులోని లోపాన్ని సరిచేసి, పళ్లేల్లో పలకలు పలకలుగా పెంచారు. ఆ నెలల్లో చిత్కళ తలుపు తీసింది. ప్రభుదాస్ కథ చెప్పాడు, మెహర్ అందరి తరఫునా పాచికలు వేసింది. కాటుక ఒక గని దాటి ఇంకో గనిలోకి వెళ్లింది. ఆపరేషన్ ముందు ఆదివారం ఆట మధ్యలో ఆపేసి, "మిగతాది వచ్చాక," అంది చిత్కళ.

మత్తు ఇచ్చి, గోరువెచ్చటి సోడా నీళ్లు కొద్దికొద్దిగా పోశారు. పొర తెల్లబడి, పాల మీద మీగడలా ముడతలు పడి ఊడింది. తానే అల్లిన దాన్ని తన చేతులతోనే ఎత్తి పళ్లెంలో పెట్టింది నీలవేణి. ఎత్తిన చోటల్లా డాక్టర్లు కొత్త చర్మం పరిచారు. తెల్లారగానే మొదలైన పని మధ్యాహ్నానికి అయింది. రెండు రోజులు అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. భుజాల మీది చర్మం గులాబీ రంగు తిరిగింది. నర్సులు నవ్వుతూ తిరిగారు. తర్వాత వీపు మీది పలకలు నల్లబడ్డాయి, ఆపైన తొడల మీదివి. జ్వరం మళ్లీ వచ్చింది.

పెద్ద డాక్టరు లోపలికి వచ్చి చూసి, నీలవేణి పక్కన కాసేపు నిలబడ్డాడు. "చేతి తొడుగులు తీసేసుకోండమ్మా," అన్నాడు మెల్లగా. "ఇక ఫర్వాలేదు."

ఆమె తొడుగులు తీసి చెయ్యి చెల్లెలి భుజం మీద, గులాబీ రంగు తిరిగిన చోట ఆనించింది. అక్కడి చర్మం పెట్టెలోంచి అప్పుడే తీసిన కాగితంలా ఉంది. చిత్కళ కళ్లు తెరిచింది.

"చల్లగా ఉందక్కా నీ చెయ్యి."

"నొప్పిగా ఉందా?"

"ఉంది," అంది చిత్కళ. నీలవేణి చెయ్యి తియ్యబోయింది. "తియ్యకు."

ఆ తర్వాత చిత్కళ కబుర్లు చెప్పింది. పెళ్లిలో బుగ్గ గిల్లిన పెద్దావిడ గురించి, యారాడ గవ్వల గురించి, మెహర్ షాపులో అచ్చుతప్పు పడ్డ శుభలేఖ గురించి. మాటలు ముద్దగా వచ్చాయి. కొన్ని అర్థం కాలేదు. మధ్యాహ్నం ప్రభుదాస్ వచ్చి, వంగని వేళ్లతోనే ఆమె అరచేతిని పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం లోపలే అంతా అయిపోయింది.

నీలవేణి చాలారోజులు పరిశోధనశాలకు వెళ్లలేదు. వెళ్లిన రోజున చూస్తే పళ్లెంలో పొర ఇంకా బతికే ఉంది. తోటివాళ్లెవరో రోజూ చక్కెర నీళ్లు చల్లుతున్నారు. దాన్ని సోడా నీళ్లలో పారబోద్దామని తీసింది. చెయ్యి రాలేదు. మళ్లీ అక్కడే పెట్టేసింది. అలా ఎన్నిసార్లో.

ఎండాకాలం మొదట్లో నర్సీపట్నం అవతలి ఊరి నుంచి సింహాచలం అనే ఆటో డ్రైవరు ఆమెను వెతుక్కుంటూ పరిశోధనశాలకు వచ్చాడు. వెంట ఆరేళ్ల కూతురు లోహిత. ఒళ్లంతా కట్లు. చిత్కళకున్న జబ్బే. పెద్దాసుపత్రిలో ఎవరో పొర సంగతి చెప్పారట.

"మా పాపకీ అదేసీండమ్మా," అన్నాడు. "వీపంతా చీమే. మందులు పనిసెయ్యట్లేదంటన్నారు."

నీలవేణి అతన్ని కూర్చోబెట్టింది.

"ఏస్తే బతుకుద్దా అమ్మా?"

"బతుకుతుంది."

"నొప్పుండదు గదా?"

"ఉండదు."

"మరింకేటి?"

"మీరు పాపను ఎత్తుకోలేరు. మీరు గానీ, వాళ్లమ్మ గానీ. ఎప్పటికీ." తర్వాత ఆమె చెల్లెలి కథంతా చెప్పింది. మెట్లూ, ప్రభుదాస్ చేతులూ, తీయించుకున్న పొరా, అన్నీ.

సింహాచలం తలదించుకుని విన్నాడు. "ఇప్పుడెత్తుకున్నా ఏడుత్తాదమ్మా," అన్నాడు. "ఎత్తుకోకపోయినా ఏడుత్తాది." తలెత్తి అడిగాడు. "ఆకర్ని ఆవిడేటన్నారు?"

"నా చెయ్యి తియ్యొద్దంది."

"నొప్పున్నా?"

"నొప్పున్నా."

"ఇంట్లో దాన్ని అడిగొత్తానమ్మా," అని లేచాడు. కట్లు నలగకుండా చూసుకుంటూ కూతుర్ని ఎత్తుకున్నాడు. "నాన్నా, నొప్పి," అంది లోహిత. అంటూనే రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేసి ఇంకా గట్టిగా పట్టుకుంది. అతను రెండో చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలియక గాల్లోనే ఉంచి, అలాగే మెట్లు దిగి ఎండలోకి వెళ్లాడు.

ఆటో వెళ్లిపోయిన చప్పుడు వినపడేదాకా నీలవేణి కిటికీ దగ్గర నిలబడింది. వాళ్లు తిరిగి రావాలని కోరుకుంటోందో, రాకూడదని కోరుకుంటోందో ఆమెకే తెలియలేదు. కిటికీ వదిలి వచ్చి, పళ్లెం మీది గాజు మూత తీసి, పొరకు చక్కెర నీళ్లు చల్లింది.